తాళాలాయన గదిలో ప్రింటరు

మా కంపెనీలో తాళాలు తయారవుతాయి. వాటితో పాటు గొళ్ళేలు, గడియలు, మడతబందులు, తలుపు పిడులు కూడా. తలుపు తప్ప తలుపుకి కావలసినవన్నీ మా దగ్గర దొరుకుతాయని మేనేజరు వచ్చిన ప్రతివాళ్ళతోనూ అంటాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆయన నోరు తెరవగానే కిటికీలోంచి బయటికి చూస్తాను.

నేను సరుకు పంపే విభాగంలో ఉంటాను. ఏ పెట్టె ఏ ఊరికి వెళ్ళాలో చూసి, చీటీ అంటించి, లారీ ఎక్కించేదాకా బాధ్యత నాది. నాకు నోటి దురుసు ఎక్కువని ఆఫీసులో పేరు. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు, నాకు ఆ ఉలుకేం లేదు. ఆ నోటితోనే తాళాలాయన సంగతి చెబుతాను. మరొకరు చెబితే ఆయన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెడతారు. ఆయన దేవుడేం కాదు. ఒంటరిగా ఉండలేని మామూలు మనిషి, అంతే.

ఆయన ఉండేది నమూనాల గదిలో. మా మధ్య హాలు దాటితే పొడుగాటి నడవా, నడవా చివర మెట్లకు బదులు ఏటవాలుగా పోసిన సిమెంటు దారి, అది దిగితే ఆ గది. ఒకప్పుడు సరుకు బండ్లు తోసుకెళ్ళడానికి అలా కట్టారట. లోపల నాలుగు గోడలకూ చెక్క పలకలు, పలకల నిండా మేకులు, మేకుకొక తాళం. కంపెనీ పుట్టినప్పటినుంచి చేసిన ప్రతి రకంలోనూ ఒకటి అక్కడ వేలాడుతుంటుంది. పెట్టె తాళం, బీరువా తాళం, దుకాణం షట్టరు తాళం, ఏదో జైలు కోసం చేసిన బండ తాళం. ఆయన వంతులవారీగా ఒక్కో పలకలోవి దించి, నూనె గుడ్డతో తుడిచి, తాళంచెవి పెట్టి తిప్పి చూసి, మళ్ళీ తగిలిస్తాడు. ఎవరూ తెరవని తాళాలకి ఇంత సేవ ఎందుకని అడిగితే, "తిప్పకపోతే బిగుసుకుపోతాయమ్మాయ్" అంటాడు.

వయసులో ఉన్నప్పుడు మెరుగు చక్రం దగ్గర పనిచేసేవాడు. ఇత్తడి పొడి ఛాతీలో చేరి దగ్గు పట్టుకుంటే డాక్టరు ఆ పని మానమన్నాడు, కంపెనీ ఈ గదిలోకి మార్చింది. పెళ్ళి చేసుకోలేదు. ముందు చెల్లెలి పెళ్ళి కానీ, తర్వాత చూద్దాం అనుకున్నాడు. ఆవిడ పెళ్ళయి, పిల్లలు పుట్టి, వాళ్ళు బడికెళ్ళే వేళకి ఈయన సంగతి ఎత్తేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు ఒక దర్జీ దుకాణం పైన ఒంటి గదిలో ఉంటాడు. కింద కుట్టుమిషను చప్పుడు ఆగిపోయిందంటే దుకాణం కట్టేసినట్టు, ఇక తెల్లారేదాకా ఆ మేడలో తన దగ్గే తనకి తోడు అని ఒకసారి నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు.

అయితే పగలు ఆయనకి మనుషుల కరువుండేది కాదు. కాలికి బలపం కట్టుకుని ఊళ్ళు తిరిగే సేల్స్ వాళ్ళందరూ నమూనాల కోసం ఆ గదికే రావాలి. గది మధ్యలో ఒక పొడుగు బల్ల. దాని మీద తాళాలు పరిచి, బేరాల కబుర్లు, బస్సుల కబుర్లు, అల్లుళ్ళ కబుర్లు. టీ తెచ్చే మనిషి హాల్లోకి రాకముందే అక్కడికి వెళ్ళేవాడు, అక్కడే ఎక్కువ గ్లాసులు ఖాళీ అయ్యేవి కాబట్టి.

తర్వాత నెట్‌వర్కు వచ్చింది.

వైర్లాయన ఒకడు నిచ్చెనతో దిగి, నడవా పొడుగునా గోడలకి బెజ్జాలు కొట్టి, నీలం వైర్లు లాగి, గదిగదికీ సాకెట్లు పెట్టాడు. ఆ నిచ్చెన కదలకుండా పట్టుకున్నది తాళాలాయనే. దగ్గుతూనే, దుమ్ములో నిలబడి, ఏ వైరు ఎక్కడికి పోతుందో అడిగి తెలుసుకుంటూ సాయం చేశాడు. మేం మాత్రం ముక్కులకి గుడ్డలు కట్టుకుని విసుక్కున్నాం.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే అలవాటు నాకు లేదు, నెట్‌వర్కు నాకు మేలే చేసింది. అంతకుముందు పెట్టెల లెక్క నేనొకటి రాస్తే, బిల్లుల వాళ్ళు దాన్ని చూసి ఇంకోటి రాసేవాళ్ళు, వాళ్ళది చూసి లెక్కల పిన్ని మరోటి. పిన్ని అంటే మా అకౌంట్స్ చూసే పెద్దావిడ, ఆఫీసంతటికీ పిన్నే. మూడు చోట్ల మూడు రకాలుగా తేలితే ముగ్గురం కలిసి కొట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నేను ఒక్కసారి కొడితే అందరి తెరల మీదా అదే కనిపిస్తుంది, వేరే ఊళ్ళో ఉన్న బ్రాంచి వాళ్ళకి కూడా. లేని సరుకు ఉందని చెప్పి దుకాణాల వాళ్ళతో తిట్లు తినే బాధ తప్పింది. పొద్దు ఉండగానే ఇల్లు చేరుతున్నాను, మా అమ్మాయి నిద్రపోకముందు దాని మొహం చూస్తున్నాను. ఇంతకన్నా ఏం కావాలి?

తాళాలాయనకి కూడా నెట్‌వర్కు మీద కోపం లేదు. ఎక్కడో దూరపు ఊళ్ళో ఒక పాత భవనం తలుపుకి మడతబందు విరిగితే, దుకాణదారు దాని ఫొటో పంపాడు. పాత రోజుల్లో అయితే విరిగిన ముక్క పోస్టులో వచ్చి, మన నమూనా పోస్టులో వెళ్ళి, అది సరిపోక తిరిగొచ్చి, ఆలోగా ఆ తలుపు చెదలు పట్టిపోయేది. ఈయన తెర మీద ఫొటో చూసి, గోడ మీంచి దాని జత దించి, దాన్నీ ఫొటో తీసి పంపించాడు. టీ చల్లారేలోగా బేరం కుదిరింది. పరీక్ష పాసైన కుర్రాడిలా హాల్లోకి వచ్చి, "చూశారా, మనిషి కదలకుండా పనైపోయింది!" అన్నాడు.

ఆ మాటే ఆయన మెడకు చుట్టుకుంది. కంపెనీ ఒక ఫొటోగ్రాఫరుని పిలిపించి గోడల మీది తాళాలన్నిటికీ ఫొటోలు తీయించింది. ఒక్కొక్కటే తుడిచి దీపం కిందికి అందించింది ఈయనే. అవన్నీ నెట్‌వర్కులోకి ఎక్కాయి. సేల్స్ వాళ్ళు ఎక్కడున్నా ఫోనులోనే చూపించేస్తున్నారు, ఆఫీసుకి రానక్కర్లేదు. నమూనాల గదిలో మనిషి అలికిడి లేకుండా పోయింది. టీ తెచ్చే మనిషి కూడా ఒక్క గ్లాసు కోసం ఆ ఏటవాలు దిగలేక, హాల్లోంచే కేకేయడం మొదలుపెట్టాడు. ఆయన వచ్చి, గ్లాసు పట్టుకుని, అందరూ తెరల్లోకి చూస్తుంటే కాసేపు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఏదైనా ఒక మాట కలపాలన్నా మొహాలు పైకి లేవాలి కదా.

అప్పుడొచ్చింది ప్రింటరు. అంతకుముందు విభాగానికొక చిన్న ప్రింటరు ఉండేది, ప్రతిదానికీ ఒక రోగం. ఒకటి కాగితం నమిలేది, ఒకటి సగం అక్షరాలు మింగేది. నెట్‌వర్కు ఉన్నాక అందరికీ కలిపి ఒకటి చాలని వైర్లాయన చెబితే, మేనేజరు పాతవన్నీ తీసేయించి బీరువా అంత ప్రింటరు కొన్నాడు. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇటు జరిపి, అటు జరిపి చూస్తుంటే తాళాలాయన గొంతు సవరించుకుని, "నా గదిలో బల్ల ఖాళీగానే ఉందండీ" అన్నాడు. తాత్కాలికంగా అక్కడే పెట్టమన్నాడు మేనేజరు.

ఇక చూడండి. హాల్లో ఎవరు మీట నొక్కినా కాగితం వచ్చేది తాళాలాయన గదిలో. తెచ్చుకోవాలంటే నడవా దాటాలి, ఏటవాలు దిగాలి. అందరం తిట్టుకుంటూనే పోయేవాళ్ళం. పోయి చూస్తే కాగితాలు విభాగాలవారీగా వేరుచేసి, బోర్లా తిప్పి, ఒక్కో దొంతర మీద ఒక్కో బరువు పెట్టి ఉండేవి. బిల్లుల వాళ్ళకి దుకాణం షట్టరు తాళం, పిన్నికి బీరువా తాళం, నాకు పాత మడతబందు, మేనేజరుకి ఆ బండ తాళం. బోర్లా ఎందుకు పెట్టారంటే, "మీ గుట్టు నాకెందుకమ్మాయ్" అన్నాడు. గుట్టేముంది, పెట్టెల లెక్కలే. కానీ ఆ బోర్లా పెట్టడం చూసి జనం తమంతట తామే అన్నీ చెప్పడం మొదలుపెట్టారు. బిల్లుల కుర్రవాడు ఎవర్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాడో వాళ్ళింట్లో కంటే ముందు ఆ గదిలో తెలిసింది.

ఆయన ఎక్కడినుంచో రెండు స్టూళ్ళు సంపాదించాడు. మంచినీళ్ళ సీసా, గ్లాసులు. తల నున్నగా దువ్వుకుని రావడం మొదలుపెట్టాడు. కాగితం వచ్చేలోపు ఒక కబురు, వచ్చాక ఇంకో కబురు. ఒకరోజు నేను ఊరికే వేళాకోళానికి, "తాళాల కంపెనీలో ఇన్నేళ్ళుండి మీ ఇంటికి ఏ తాళం వేస్తారు బాబాయి గారూ?" అని అడిగాను.

"వేసేదీ నేనే, తీసేదీ నేనే, ఏదైతేనేం?" అన్నాడు. నా కాగితాలు సరిచేస్తూ, "లోపల్నుంచి ఎవరైనా తీస్తే ఎలా ఉంటుందోనని ఓరోజు తాళం తీయకుండా తలుపు కొట్టి చూశానమ్మాయ్" అన్నాడు.

"అయ్యో! తర్వాత?"

"పక్క మేడావిడ తీసింది. వాళ్ళ తలుపు."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నడవాలో తిరిగొస్తుంటే నా చేతిలో కాగితాలు బరువుగా అనిపించాయి. ఇంటికెళ్ళాక మా ఆయన తలుపు తీస్తే ఆ రోజు ఆయన మీద ఏ కారణానికీ విసుక్కోలేదు. ఏమైందని ఆయనే అడిగాడు.

గొడవంతా పిన్ని మోకాలితో వచ్చింది. ఆవిడకి కుడి మోకాలు అరిగిపోయింది. లెక్కల పనంటే రోజూ కట్టలకొద్దీ కాగితాలు, ప్రతిదానికీ ఆ ఏటవాలు దిగాలి, గోడ పట్టుకుని ఎక్కాలి. మేం తెచ్చిస్తామన్నా ఊరుకునేది కాదు, తన కాగితాలు పరాయి చేతుల్లో పెట్టదు. చివరికి నేనే మేనేజరు గదిలోకి వెళ్ళి, ప్రింటరు మధ్య హాల్లోకి మారుస్తారా లేదా అని కూర్చున్నాను. వైర్లాయన్ని పిలిపించారు. "నెట్‌వర్కుకి ఏ గదైనా ఒకటేనండీ, సాకెట్టు ఉంటే చాలు" అన్నాడతను. హాలంతా తిరిగి చూశాడు. ఉన్న సాకెట్లన్నిటికీ కంప్యూటర్లు తగిలించి ఉన్నాయి. కొత్తది పెట్టాలంటే మళ్ళీ గోడలు కొట్టాలి, మళ్ళీ దుమ్ము. మేనేజరు చేతులెత్తేశాడు. "సర్దుకుపోండమ్మా, ఎక్కడున్నది అక్కడ ఉండనివ్వండి" అన్నాడు.

తాళాలాయన తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఆ మాట విన్నాక ఊపిరి వదిలాడు. దగ్గేమో అనుకున్నాను.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను నా కాగితాల కోసం వెళ్ళేసరికి పిన్ని అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంది. లేవబోయి లేవలేక మళ్ళీ కూలబడింది. మోకాలు రెండు చేతులతో పట్టుకుంది, కళ్ళలో నీళ్ళు. తాళాలాయన నీళ్ళ గ్లాసు అందించి పక్కనే నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఇంక నావల్ల కాదు. ఈ నెలతో మానేస్తాను" అంది.

"మానేసి?"

"ఏం చేస్తాను? ఇంట్లో కూర్చుంటాను. కోడలు ఉద్యోగానికెళ్తుంది, పిల్లలు బడికెళ్తారు. గోడలు చూస్తూ కూర్చుంటాను."

తాళాలాయన గోడల మీది తాళాలవైపు చూశాడు, ప్రింటరువైపు చూశాడు. నేను పిన్నికి భుజమిచ్చి ఏటవాలు ఎక్కిస్తుంటే వెనకాల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే హాల్లోకి వచ్చి, ఫైళ్ళ బీరువా దగ్గర నిలబడి, "ఇదొకసారి పక్కకి జరపండి" అన్నాడు. బిల్లుల కుర్రవాడూ నేనూ కలిసి తోశాం. బీరువా వెనక గోడకి, బూజు పట్టి, ఒక సాకెట్టు. వైర్లు లాగినప్పుడు పెట్టిందే. తర్వాత ఎవరో దానికి అడ్డంగా బీరువా చేర్చేశారు, అందరూ మరిచిపోయారు. నిచ్చెన పట్టుకున్నవాడు తప్ప.

మేనేజరు వచ్చి చూసి, "ఇక్కడుందని మీకు ముందే తెలుసా?" అన్నాడు.

"తెలుసండీ."

"మరి అంతా వెతుకుతుంటే చెప్పలేదేం?"

"చెబితే మీరెవరూ రారు కదండీ" అన్నాడు తాళాలాయన.

ఉతికి ఆరేద్దామని నోరు తెరిచిన నేను మూసుకున్నాను. పిన్ని ఒక్కతే తన కుర్చీలోంచి, "నువ్వు నా దగ్గరికి రాకూడదా అన్నయ్యా, నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ సాయంత్రమే ప్రింటరు హాల్లోకి వచ్చింది. వెంట ఆయన ఆ బరువులు కూడా తెచ్చి దాని పక్కన వరసగా పెట్టి వెళ్ళాడు.

మేం వస్తుంటాం లెండి అని అందరం అన్నాం. మొదటి వారం వెళ్ళాం కూడా, చేతులు ఊపుకుంటూ. పని లేకుండా ఒకరి గదికి వెళ్తే ఏం మాట్లాడాలో మాకు తెలియలేదు. కాగితం కోసం వెళ్ళినప్పుడు కబుర్లు వాటంతట అవే వచ్చేవి, కబుర్ల కోసం వెళ్తే ఒక్కటీ రాలేదు. వాన గురించి రెండు ముక్కలు, దగ్గు గురించి రెండు ముక్కలు, తర్వాత గోడల మీది తాళాలు చూడటం. పైగా పని. ఒకరి తర్వాత ఒకరం మానేశాం. ఓసారి దేనికో అటు వెళ్తే, ఖాళీ బల్ల ముందు ఆ రెండు స్టూళ్ళూ అలాగే వేసి ఉన్నాయి. ఆయన ఒక పెట్టె తాళానికి నూనె పూస్తున్నాడు. నేను నడవాలోనే ఆగి, పిలవకుండా వచ్చేశాను.

పిన్ని అన్న మాట ఆయన మరిచిపోలేదు కానీ, పాపం, ఊరికే వచ్చి కూర్చునే ధైర్యం ఆయనకీ లేదు. ఏ పనీ లేకుండా పనిచేసేవాళ్ళ మధ్యకి వస్తే ఏమనుకుంటారోనని మొహమాటం.

ఒక రోజు ప్రింటరులోంచి ఒక ఖాళీ కాగితం వచ్చింది. అటూ ఇటూ తిప్పి చూశాను, ఏమీ లేదు. సిరా అయిపోయిందేమో అనుకుని పక్కన పెట్టాను. కాసేపటికి తాళాలాయన నడవాలోంచి వచ్చాడు.

"నాదొక కాగితం రావాలే?"

"ఇదేనా? ఏమీ పడలేదు బాబాయి గారూ. సిరా అయిపోయినట్టుంది."

"అయ్యుంటుంది, అయ్యుంటుంది" అంటూ తీసుకుని, పిన్నిని మోకాలెలా ఉందని అడిగి, బిల్లుల కుర్రవాడిని సంబంధం ఎంతవరకు వచ్చిందని అడిగి, వెళ్ళబోతూ ఆ కాగితాన్ని మళ్ళీ ప్రింటరు అరలోకే జాగ్రత్తగా దూర్చాడు. "పాడవలేదుగా, వృథా ఎందుకూ" అన్నాడు.

వెంటనే నేను నా చీటీలు కొట్టాను. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాయి. సిరాకేమీ రోగం లేదు. మర్నాడు ఆ వేళకే ఇంకో ఖాళీ కాగితం, వెనకాలే ఆయన. ఆ మర్నాడూ అంతే. అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. తన గదిలో కూర్చుని, ఏమీ రాయని కాగితాన్ని నెట్‌వర్కులో మా దగ్గరికి పంపి, దాన్ని తెచ్చుకునే పని పెట్టుకుని ఆ ఏటవాలు ఎక్కి వస్తున్నాడు. ఇంట్లోనూ ఆఫీసులోనూ మాటల్లో నాదే పైచెయ్యి అంటారు, ఆ రోజు మాత్రం కుర్చీ అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాతి రోజు కాగితం రాగానే నేనే లేచాను. దాన్ని బోర్లా తిప్పి బల్ల చివర పెట్టాను. రెండు వైపులా తెలుపే కాబట్టి ఏది బోర్లానో నాకూ తెలియదు, అయినా తిప్పాను. ఇన్నాళ్ళూ అందరి కాగితాల మీదా బరువులు పెట్టిన మనిషికి తనకంటూ ఒకటి లేదు. నా మడతబందు తీసి దాని మీద పెట్టాను. పిన్ని చూసింది. కాలు కుంటుకుంటూ లేచి, పక్కనున్న కుర్చీ లాగి, ఆ బల్ల దగ్గర వేసి మళ్ళీ తన లెక్కల్లో పడింది.

ఆయన వచ్చాడు. మడతబందు చూసి ఆగాడు. దాన్ని ఎత్తి, కాగితం తీసుకోబోయాడు.

"ఉండండి బాబాయి గారూ, సిరా ఇంకా ఆరలేదు" అన్నాను. "కాసేపు కూర్చోండి."

ఆయన తెల్లటి ఆ కాగితంవైపు చూశాడు, నా వైపు చూశాడు. మడతబందుని ఉన్నచోటే మెల్లగా దించి, కూర్చున్నాడు.